మూడో పిలుపు దాకా

మా మేడం పోయారన్న కబురు రెండు వాన హెచ్చరికల మధ్య వచ్చింది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పైన ఒకటి, ‘అల్పపీడనం బలపడుతోంది, సిబ్బంది సెలవులు రద్దు’. కింద ఇంకొకటి, ‘నీళ్ళు తోడే మోటార్లు సిద్ధంగా ఉంచుకోండి’. నడుమ వాళ్ళబ్బాయి పెట్టిన నాలుగు మాటలు: ‘అమ్మ ఈ ఉదయం వెళ్ళిపోయింది.’ మా వాళ్ళలో ఎవరో అలవాటు కొద్దీ మూడింటికీ బొటనవేలు గుర్తు పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. కాసేపటికి, ఆవిడే చూసి ఉంటే నవ్వేవారనిపించింది. “అందిందని చెప్పినారు నాయనా, అందేదే గదా మనకి కావాల్సింది” అనేవారు.

ఆవిడ చెన్నై ఉత్తరాన ఒక కార్పొరేషన్ జోన్ ఆఫీసులో లా ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. నేను ఆవిడ కింద అసిస్టెంటుగా చేరి, ఇప్పుడు ఆ కుర్చీలోనే కూర్చుంటున్నాను. వరద ముంచుకొచ్చినా, పాత మేడ కూలేలా ఉన్నా, ఊరి పాలన చూసేవాళ్ళకి చట్టం కొన్ని అధికారాలు ఇస్తుంది. ఇళ్ళు ఖాళీ చేయించవచ్చు. సాక్షులను నిలబెట్టి తలుపు పగలగొట్టవచ్చు. ఒకరి కళ్యాణ మండపాన్ని, ఇంకొకరి పడవని అవసరం తీరేదాకా తీసుకోవచ్చు. పై అధికారి సంతకంతో వచ్చే ఆ ఉత్తర్వులను తయారుచేయడం, ఎవరికి చేరాలో వాళ్ళకి చేర్చడం ఆవిడ పని. ఎండాకాలంలో ఆ గది వైపు ఎవరూ తొంగి చూడరు. అక్టోబరు నడిమికి తమిళుల ఐప్పసి నెల వచ్చి మబ్బు పట్టిందంటే అందరికీ మేమే కావాలి.

నేను టి. నగర్ వెనక సందుల్లో పెరిగాను. మా నాన్న సినిమాల్లో లైట్‌మన్. ఇంట్లో కోస్తా తెలుగు, బయట తమిళం. మేడంవాళ్ళు ఏ తాతల కాలంలోనో నెల్లూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనుషులు. ఆవిడ తెలుగు విని మొదట్లో లోలోపల నవ్వుకునేవాణ్ణి. ఆవిడా ఊరుకునేవారు కాదు. నాకు ఓపిక తక్కువ, ఏ పనైనా ముగించి పారేయాలనే తొందర. “మీ నాయన లైటేసి మనుషుల్ని చూపించేవాడు. నువ్వేంది, చూడకుండానే ఆర్పేసి పోతా ఉండావు” అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు.

నేను ఆవిడతో మొదటిసారి వరద పనికి వెళ్ళింది వ్యాసర్పాడిలో, రైలు యార్డు గోడని ఆనుకుని ఉన్న ఒక వీధికి. అక్కడ సగానికి పైగా తెలుగు కుటుంబాలు. మధ్యాహ్నమే చీకటి పడినట్టుంది. కరెంటు తీసేశారు. నీళ్ళు మోకాళ్ళ కిందికి ఉన్నాయి గానీ పెరుగుతున్నాయి. మా ఆటో మైకు పెట్టుకుని ‘అందరూ ఖాళీ చేయాలి’ అంటూ వీధంతా ఒకసారి తిరిగి వెళ్ళిపోయింది. చాలామంది వచ్చేశారు. కొన్ని తలుపులు మాత్రం మూసే ఉన్నాయి. పిలిచాం, రాలేదు, లోపల ఎవరూ లేరని రాసుకుని పోదామన్నాను.

ఫైళ్ళకి పెట్టే పెద్ద క్లిప్పు ఒకటి ఎప్పుడూ మేడం సంచిలో ఉండేది. దానితో చీర కుచ్చిళ్ళు పైకెత్తి బిగించుకుని, రబ్బరు చెప్పులతో నీళ్ళలోకి దిగారు. మూసి ఉన్న మొదటి తలుపు ముందు నిలబడి, “పెద్దమ్మా” అని పిలిచారు. గొంతు పెంచలేదు. పక్కింటి మనిషిని పంచదార అడగబోతున్నట్టు పిలిచారు. ఆగారు. మళ్ళీ పిలిచారు. మళ్ళీ ఆగారు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను తడిసిన బూట్లలో కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాను. మూడోసారి ఆవిడ “పెద్దమ్మా” అనడమే తడవు, తలుపుకి అవతల, చాలా దగ్గరగా, ఒక ముసలి గొంతు “వస్తా ఉండా” అంది.

ఆ మనిషి అంతసేపూ తలుపుకి అవతలే నిలబడి ఉంది. మా మాటలన్నీ విన్నది. లోపల ఎవరూ లేరని నేను అన్న మాట కూడా విన్నది.

తిరిగి వస్తూ అడిగితే మేడం చెప్పారు. ఆ వీధిలో పాతవాళ్ళకి ఒక పట్టింపు ఉంది. చీకటి పడ్డాక బయటి నుంచి ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకరు. రెండోదానికీ పలకరు. తిరుగుతూ ఉండేవి రెండుసార్లే పిలుస్తాయట. మూడోసారి పిలిచే బలం వాటికి ఉండదట. మూడోసారి కూడా పిలిస్తే అది మనిషే, పలకొచ్చు. మబ్బు కమ్మి, కరెంటు పోయి, వీధిలో నీళ్ళు నిలిస్తే వాళ్ళకి మిట్టమధ్యాహ్నమైనా చీకటి కిందే లెక్క. మా మైకు ఒక్కసారి అరిచి వెళ్ళిపోయేది. ఎవరు పలుకుతారు?

“ఇదంతా మీరు నమ్ముతారా మేడం?” అన్నాను, కొంచెం వెటకారంగానే.

“నేను నమ్మేదెందుకు నాయనా? లోపలుండేవాళ్ళు నమ్మతారు. ఉత్తరువు పోవాల్సింది వాళ్ళకి గదా.”

ఆ మాట వెనక ఏముందో నాకు తెలియడానికి ఇంకో వానాకాలం పట్టింది. ఒకరోజు ఆఫీసు క్యాంటీన్లో టీ తాగుతూ ఉన్నట్టుండి చెప్పారు. టీ చల్లారితే ఆవిడకి కోపం వచ్చేది. ఆరోజు మాత్రం చల్లారిపోయినా ముట్టుకోలేదు.

ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఆవిడ ఊరి శివార్లలో ఒక చిన్న పంచాయతీలో ఉండేవారట. చెరువు కట్ట బలహీనపడిందని కింద వీధిని ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. సాయంత్రం వేళ ఇంటింటికీ వెళ్ళి పిలిచారు. ఒక ముసలాయన ఇంటి ముందు రెండుసార్లు పిలిచి, జవాబు లేకపోతే లేడనుకుని పక్కింటికి పోయారు. వ్యాసర్పాడి వీధి మనుషుల్లాంటి వాళ్ళింట్లోనే ఆవిడా పుట్టారు. వాళ్ళవ్వ చేతుల్లో అదే పట్టింపుతో పెరిగారు. చిన్నప్పుడు ఎన్నో సాయంత్రాలు తనూ లోపల ఊపిరి బిగబట్టి మూడో పిలుపు కోసం చూసిన మనిషే. చేతిలో ప్రభుత్వ కాగితం ఉంది కదా, తన పిలుపు అందరి పిలుపులాంటిది కాదనుకున్నారు. ఆ రాత్రే కట్ట తెగింది.

“నీళ్ళు తీసినాక తలుపు తెరిచినారు” అన్నారు. “ఆయన పారిపోను కూడా చూడలా. తలుపుకి ఎదురుగా కుర్చీ ఏసుకోని కూర్చోనుండాడు. చేతిలో గుడ్డల మూట. అంతా సర్దుకోని, నేను ఇంకోసారి పిలస్తానని కూర్చోనుండాడు.”

ఆవిడే లేచి, చల్లారిన టీ సింకులో పారబోసి, ఇంకో రెండు టీలు చెప్పారు.

ఆ తర్వాత ఆవిడను చూసే నా చూపు మారింది. కొత్త సిబ్బందికి చట్టం చెప్పే క్లాసులో ఒక కుర్రాడు అడిగాడు. తలుపు పగలగొట్టే ముందు లోపలివాళ్ళకి తగినంత సమయం ఇవ్వాలంటున్నారు కదా, తగినంత అంటే ఎంత? మేడం పుస్తకం మూసి, “మూడో పిలుపు దాకా” అన్నారు. కుర్రాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. “తలుపు పగలగొట్టే అధికారం మనకుండాది. తలుపు తీసే అధికారం లోపలుండే మనిషిది. ముందు వాళ్ళది కానీయండి, తర్వాతే మనది” అని కూడా అన్నారు. ఆ మాటని నేనిప్పుడు నా క్లాసులో నాదే అన్నట్టు చెబుతున్నాను.

అయితే ఆవిడ మెతక మనిషేమీ కాదు. అంబత్తూరులో ఒక కళ్యాణ మండపం తీసుకోవాల్సి వచ్చినప్పుడు దాని యజమాని గేటుకి అడ్డంగా నిలబడి, లోపల ముహూర్తం ఉంది, ఏ చట్టమో చూపించమన్నాడు. మేడం చూపించారు. అతను చదివినంతసేపూ పక్కనే నిలబడి, “చదివినారా? సరి. తాళి కట్టేదాకా మేము గేటుకాడ ఉంటాము. కట్టినాక హాలు మాది” అన్నారు. తాళి కట్టారు. తడిసిన బట్టలతో వచ్చిన జనం పెళ్ళివాళ్ళ పక్కనే పంక్తిలో కూర్చుని సాంబారన్నం తిన్నారు. పెళ్ళికూతురి తండ్రే వడ్డించాడు. ఆ మండపం యజమాని మాత్రం ఆ తర్వాత ఆవిడ ఎప్పుడు కనబడినా దణ్ణం పెట్టేవాడు, భయమో భక్తో చెప్పలేను.

ఒక సంగతి మాత్రం నాకెప్పుడూ అంతుపట్టలేదు. వ్యాసర్పాడి వీధిలోనే రెండు ఇళ్ళ మధ్య ఒక ఖాళీ ఉంది. అక్కడి ఇల్లు కూలేలా ఉంటే ఖాళీ చేయించి పడగొట్టింది మేమే. అందులో ఉండే ఆయన వేరే చోటికి వెళ్ళి అక్కడే కాలం చేశాడు. ఇప్పుడక్కడ ఇటుక ముక్కలు, రెండు గుమ్మం రాళ్ళు తప్ప ఏమీ లేవు. వాన పనికి వెళ్ళిన ప్రతిసారీ మేడం ఆ ఖాళీ ముందు కూడా ఆగేవారు. “అన్నా” అని మూడుసార్లు పిలిచేవారు. మూడోసారి పిలిచాక, గుమ్మం రాళ్ళ ఎదురుగా నిలబడ్డ మనిషి ఒక అడుగు పక్కకి తప్పుకునేవారు, లోపలి నుంచి వచ్చేవాళ్ళకి దారి ఇచ్చినట్టు.

“ఇల్లు లేదు కదా మేడం” అన్నాను ఒకసారి.

“ఇల్లు లేదు. ఆయన ఎళ్ళిపోయినాడని నీకెవురు చెప్పినారు?”

నన్ను ఆటపట్టిస్తున్నారేమోనని మొహంలోకి చూశాను. ఆవిడ నవ్వడం లేదు. ఆ పక్కకి తప్పుకున్న చోట నీళ్ళు కొంచెం కదిలినట్టు అనిపించింది. గాలి కూడా ఉంది మరి. నేను మాత్రం ఆ ఖాళీ దాటేటప్పుడు గోడవారగానే నడిచాను, ఇప్పటికీ అలాగే నడుస్తాను.

రిటైరయ్యాక కూడా ఆవిడ ఆ వీధిని వదల్లేదు. మొదటి పెద్దవాన పడిందంటే అంబత్తూరు ఇంటి నుంచి ఫోను. “ఆడ పిలిచినారా? యెన్నిసార్లు?” నేను విసుక్కుంటూ మూడు సార్లు మేడం అనేవాణ్ణి. “నీ గొంతుకి వాళ్ళు పలకరులే, నేనొస్తా” అని ఆటో ఎక్కి వచ్చేసేవారు. ఆవిడకి అప్పటికి ఏ అధికారమూ లేదు, చేతిలో కాగితం లేదు. ఆ తలుపులు మాత్రం ఆవిడ గొంతుకే తెరుచుకునేవి. ముఖ్యంగా రైలు గోడ పక్క రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే ఇడ్లీల అవ్వ, ఆవిడ వస్తే గానీ అడుగు బయట పెట్టేది కాదు.

ఈసారి ఆ ఫోను రాలేదు. గుండె జబ్బుతో ఆసుపత్రిలో నిద్రలోనే పోయారు.

అంత్యక్రియలకి వెళ్ళాను. సన్నగా చినుకులు పడుతున్నాయి. శ్మశానానికి కాస్త ఇవతల పాడె దించారు. దింపుడు కళ్ళం అంటారే, అక్కడ దగ్గరివాళ్ళు చెవిలో మూడుసార్లు పిలవాలి. పలుకుతారేమోనన్న చివరి ఆశ. నేను అంతవరకూ దాన్ని ఒక తంతుగానే చూశాను. వాళ్ళబ్బాయి వంగి “అమ్మా” అన్నాడు. కాసేపాగి మళ్ళీ అన్నాడు. మూడోసారి అతని గొంతు పూర్తిగా రాలేదు. వెంటనే మోసేవాళ్ళు వంగి వెదురు పట్టుకున్నారు, చినుకులు పెద్దవవుతున్నాయని.

“కాస్త ఆగండి” అన్నాను. ఎందుకన్నానో వాళ్ళకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆవిడైతే ఆగేవారు. ఎవరి తలుపు ముందైనా మూడో పిలుపు తర్వాత ఒక నిండు ఊపిరి పీల్చి వదిలేంతసేపు చూసి, అప్పుడు గానీ, “సరి, లేరు, పదండి” అనేవారు కాదు. ఆవిడ మొహం మీద చినుకు పడి జారింది. నేను చూశాను. ఆవిడ లేరు. నాకు ఏడుపు వచ్చింది. పదండి అన్నాను.

ఆ తర్వాత పక్షం తిరగకుండానే తుఫాను వచ్చింది. చెరువుల నుంచి మిగులు నీళ్ళు వదిలారు. రైలు గోడ ఒకవైపు ఒరిగిందని ఇంజనీరు చెప్పడంతో ఆ వీధి మొత్తాన్ని ఖాళీ చేయించే ఉత్తర్వు తెప్పించాను. కాశిమేడు నుంచి జాలర్ల పడవలు తీసుకునే ఉత్తర్వు కూడా. సాయంత్రానికి అందరూ మేము తీసుకున్న కళ్యాణ మండపానికి చేరారు, ఇడ్లీల అవ్వ తప్ప. బంధువుల ఇంటికి పోయిందని ఒకరన్నారు. చూడలేదని ఒకరన్నారు. గోడ ఏ క్షణాన అయినా పడొచ్చు, పడితే ఆ రేకుల ఇంటి మీదే పడుతుంది. అవ్వ లోపల ఉందో లేదో తేల్చాల్సింది నేనే.

నేనూ, ఇంజనీరూ, పడవ నడిపే జాలరీ వెళ్ళాం. మసక చీకటి. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. ఇంటి ముందు పడవ ఆపి దిగాను. “అవ్వా” అని పిలిచాను. జవాబు లేదు. ఊపిరి పీల్చి మళ్ళీ పిలిచాను. లేదు. గోడలో ఎక్కడో ఇటుక కదిలిన చప్పుడైంది. ఎవరూ లేరు సార్, పోదాం అని ఇంజనీరు తమిళంలో అంటున్నాడు. మూడోసారి పిలవడానికి నోరు తెరిచాను. ఈ తలుపు ముందు మూడో పిలుపు ఎప్పుడూ మేడందే. ఆ పిలుపు నాది కాదనిపించి, మాట పెగలక, అట్లా నోరు తెరిచే నిలబడ్డాను.

లోపల గడియ తీసిన చప్పుడైంది.

అవ్వ వచ్చింది. తల మీద ఇడ్లీ పాత్ర, చంకలో మూట. నన్ను చూసి, నన్ను దాటి నా భుజం వెనక్కి చూసింది.

“ఆయమ్మ యాడ?”

“ఎవరవ్వా?”

“మేడం, ఇంకెవురు. ముందు రెండుసార్లు పిలిచింది నువ్వు, మొగగొంతు నాకు తెలీదా? మూడోసారి పిలిచింది ఆయమ్మ గదా. అందుకే తీసినా.”

నేను వెనక్కి తిరగలేదు. తిరగాలంటే భయమేసింది, నిజం చెబుతున్నాను. తర్వాత ఇంజనీరుని అడిగితే, వానలో ఏం వినపడిందో నేను గమనించలేదు సార్, మీరే పిలిచారనుకున్నా అన్నాడు. మర్నాటికి ఆ గోడ రేకుల మీద పడి, ఇల్లు ఏదో గోడ ఏదో తెలియకుండా ఉంది. మేడం లేరన్న సంగతి అవ్వకి నేను ఇంతవరకూ చెప్పలేదు. మూడోసారి పిలిస్తే అది మనిషే అని నమ్మే మనిషికి ఏమని చెప్పాలి?

ఆ సాయంత్రం అవ్వని ఎత్తి పడవలో కూర్చోబెట్టాను. కూర్చోవడానికి ఉన్నది ఒక్కటే అడ్డబల్ల. ఇంజనీరు ముందు వైపు నిలబడ్డాడు. నేను అవ్వ పక్కన కూర్చోబోతే, ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. మూట ఒళ్ళోకి తీసుకుని, కొంగుతో బల్ల తుడిచి, ఒకవైపుకి ఒదిగి కూర్చుంది.

“నువ్వు నిలబడు నాయనా. ఆయమ్మకి కాళ్ళ నొప్పులు.”

జాలరి తెడ్డు పట్టుకుని నా వైపు చూశాడు. నేను ఒక అడుగు పక్కకి తప్పుకుని, దారి ఇచ్చాను. ఒక నిండు ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆగి, పదమన్నాను. మండపం గేటు వచ్చేదాకా ఆ బల్ల మీద అవ్వ పక్కన ఎవరూ కూర్చోలేదు.